అడవిలోని పాతబాటలు: వాటి హక్కు, వాటి మరమ్మతు

పెనుకొండ కొండను ఎక్కి దిగినవారు కోటగోడలను గూర్చి, బురుజులను గూర్చి, పైనున్న నరసింహస్వామి గుడిని గూర్చి చెప్పుదురు. తాము నడచిన బాటను గూర్చి చెప్పువారు అరుదు. బాట కాలిక్రింద నుండునది గనుక కంటికి ఆనదు. చెడిపోయిన నాడు మాత్రమే జ్ఞప్తికి వచ్చును. ఈ పాఠములో మనము బాటను గూర్చియే తెలిసికొందము. మోటారు పోవు రోడ్డును గూర్చి కాదు; మనిషియు, గుర్రమును, గాడిదయు, గొఱ్ఱెలమందయు పోవు అడవిబాటను గూర్చి. ఆ బాట ఎవరిది? దానిని మూయుటకు ఎవరికి అధికారము కలదు? బాగుచేయుటకు ఎవరు పూనుకొనవలెను? పూనుకొన్నవారు ఏ రీతిని పనిచేయవలెను?

గుర్రము నడచిన సీమ

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములు 2022 ఏప్రిల్ 4వ తేదీ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నవి. అంతకుముందు అనంతపురము జిల్లాలోనివి. జిల్లా పేరు మారినను గుట్టలు మారలేదు, వాటిపై పాతబాటల జాడలును పూర్తిగా చెరిగిపోలేదు. 1565లో రక్కసి తంగడి యుద్ధము జరిగిన పిమ్మట తిరుమలరాయలు విజయనగరమును విడచి వచ్చి పెనుకొండను రాజధానిగా చేసికొన్నాడు. అంతకుముందును ఈ కోట విజయనగర ప్రభువులకు రెండవ ఇంటివంటిదే. హిందూపురమునకు సమీపముననున్న లేపాక్షి ఆలయమును కట్టించిన విరూపణ్ణ పెనుకొండలో అధికారము నెరపినవాడు.

ఆ రాజ్యమునకు గుర్రము ప్రాణము వంటిది. యుద్ధమునకు పనికివచ్చు మేలుజాతి గుర్రములు ఆరబ్బు, పారశీక దేశముల నుండి ఓడలలో గోవా, భట్కలు రేవులకు చేరి, అటనుండి కనుమలెక్కి రావలసియుండెను. రాజు ఏటేట 13,000 ఓర్ముజు గుర్రములను కొనుచుండెనని 16వ శతాబ్దమున పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసినాడు. అంకె కొంత పెద్దదిగా తోచినను, అందు సగమే నిజమనుకొన్నను, అన్ని వేల గిట్టలు నడచుటకు తగిన బాటలు ఈ దేశమున నుండెనని ఒప్పుకొనవలెను. రాజుల చరిత్రలో యుద్ధములకు తేదీలు కలవు. ఆ బాటలపై రాళ్లు పరచిన చేతులకు పేర్లు లేవు.

1800లో నిజాము ఈ దత్తమండలములను కుంపిణీవారికి ఇచ్చివేసినాడు. అప్పటినుండి 1807 వరకు తామస్ మన్రో ఇచట ప్రధాన కలెక్టరుగా నుండెను. ఆయన గుడారములలో బసచేయుచు, గుర్రముమీద తిరిగి గ్రామ గ్రామమును చూచినాడు. రైత్వారీ పద్ధతిని గూర్చి మనము పాఠశాలలో చదువుదుము గాని, ఆ లెక్కలలో హెచ్చుభాగము జీనుమీద తిరిగి కూర్చినవని తలచుకొనము. సామాన్యజనుల సరకులు, అనగా ఉప్పు, ధాన్యము, చింతపండు, బెల్లము, లంబాడీల పెరికెద్దుల మీదను, గాడిదల కంట్లములలోను సాగుచుండెను. 19వ శతాబ్దము చివర ధర్మవరము, పెనుకొండ, హిందూపురముల మీదుగా బెంగుళూరికి రైలు వచ్చినది. పెరికెద్దుల కాలము అంతటితో తీరినది. రైలుస్టేషన్ల ముందు జట్కాలు మరికొంతకాలము నిలిచి, ఆటోలు వచ్చిన పిదప అవియును పోయినవి. ఇప్పుడు ఈ మైదానమున గుర్రము పెండ్లి ఊరేగింపులలో కనబడుట తప్ప పనిలో కనబడుట లేదు. ఉత్తరముననున్న మన్యపు గుట్టలలో మాత్రము రోడ్డు చేరని గూడెముల గిరిజనులు ఇప్పటికిని గుర్రములను పెంచి, సంతసరకులు వాటిపై వేసికొని పోవుచున్నారు.

గుర్రములే లేని చోట గుర్రపుబాటతో పనియేమి అని చదువరులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. దానికి సమాధానమిది: గుర్రము ఇచట కొలబద్ద. మేక ఎక్కడనైనను ఎక్కగలదు. పడుచువాడు ఎట్లైనను దుముకగలడు. బరువు మోయు గుర్రమునకు తగిన వాలు, తగిన వెడల్పు, తగిన ఎత్తు గల బాట ముసలివారికి సరిపోవును, గర్భిణిని డోలీలో మోయువారికి సరిపోవును, మంట లేచినప్పుడు నీళ్లడబ్బాలతో పరుగెత్తు వారికిని సరిపోవును. మేక మాత్రమే పోగల జాడను బాట అని పిలుచుట మాటవరుసకు మాత్రమే.

బాట ఎట్లు చచ్చును

ఈ గుట్టల ప్రక్క పల్లెలలో ఏ ముసలి కాపరిని పలుకరించినను మాటలు కొంచెమించుమించుగా ఇట్లు సాగును:

"పెద్దాయనా, గుట్ట అవతలికి దావ యాడుంది?"

"ఉన్యాది నాయనా. మా నాయిన గొర్రెలు తోలిన దావే. ఇప్పుడు కంప మూసేసింది."

"కొట్టేస్తే పోదా?"

"కొడితే గార్డు కేసు రాస్తాడని మాకు భయం. సరే అంటే ఊరంతా కట్టెలకు ఎగబడతారని ఆ సామికి భయం. మద్దెన దావ పాయ."

ఇందు దోషము ఒక్కరిది కాదు. బాట చచ్చుటకు ముఖ్యకారణములు మూడు: కంప, నీరు, మరపు. కంప అనగా సర్కారు తుమ్మయు, పూలకు ఆశపడి ఒకనాడు తోటలలో నాటి తెచ్చుకొన్న లంటానాయును. రెండును నడక తగ్గిన చోటనే హెచ్చుగా అల్లుకొనును. నీటి సంగతి మున్ముందు వివరముగా చెప్పుకొందము. మరపు ఈ రెంటికంటెను చెడ్డది. బాట ఉండినదని చెప్పగల మనిషి పోయినచో, దాని హక్కును అడుగు నోరును పోవును.

బాట చచ్చిన నష్టము బాటతో ఆగదు. చెడిన బాట వానకాలమున వంకగా మారును. ఆ వంక గుట్టపైనున్న మన్నును కోసి తెచ్చి క్రింది చెరువులో వేయును. మన సీమలో ఏటి వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతమే. అదియు నాలుగైదు పెద్దవానలలో ఒక్కపెట్టున కురిసిపోవును. చెరువు పూడినదని విచారించు రైతు పూడికలో కొంత తన ఊరి గుట్టబాట నుండియే వచ్చినదని తెలిసికొనుట మంచిది.

హక్కు ఎచట వ్రాయబడియున్నది

1882లో మద్రాసు అటవీ చట్టము వచ్చినది. దానిప్రకారము ప్రభుత్వము ఒక భూమిని రిజర్వు అడవిగా ప్రకటింపదలచినప్పుడు ముందుగా నోటీసు ప్రచురించి, ఒక సెటిల్మెంటు అధికారిని నియమింపవలెను. భూమిపై గాని, మేతపై గాని, నీటికాలువపై గాని, నడకదారిపై గాని హక్కు కలవారు ఆ అధికారి ఎదుట చెప్పుకొనవలెను. ఆయన విచారించి ఒప్పుకొన్నవి నిలుచును. గడువులో చెప్పుకొననివి నశించును. 1967లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టమును ఈ పద్ధతినే అనుసరించినది.

వినుటకు న్యాయముగానే యున్నది. కాని నోటీసు చదువరాని తాతలు, సంతకు పోయిన కాపరులు, ఊరూరు తిరుగు లంబాడీలు ఆ అధికారి ఎదుటికి వచ్చి "ఈ బాట మాది" అని చెప్పియుందురా? చెప్పిన ఊళ్ల బాటలు కాగితముపై నిలిచినవి. చెప్పని ఊళ్ల బాటలు అలవాటుగా మాత్రమే మిగిలినవి. అడవిలో అడుగుపెట్టుటయు, పశువును తోలుటయు తగవులైన కాలము మనకు క్రొత్త కాదు. 1921–22లో పలనాడులో పుల్లరి కట్టుటకు రైతులు నిరాకరించిన ఉద్యమమున కన్నెగంటి హనుమంతు ప్రాణములు కోల్పోయినాడు.

కావున బాటను గూర్చి పాటుపడదలచినవారు మొదట గడ్డపార కాక కాగితము పట్టవలెను. తమ ఊరి ప్రక్క అడవి ఏ సంవత్సరమున రిజర్వు చేయబడినది, ఆ ప్రకటనలో ఏ దారులు ఒప్పుకొనబడినవి అని రేంజి కార్యాలయమునను, డివిజను కార్యాలయమునను అడుగవలెను. గ్రామ పటములో చుక్కలగీతతో గుర్తింపబడిన బాట కలదేమో రెవెన్యూ కార్యాలయమున చూడవలెను. దొరకిన చుక్కలగీత నూరు ఉపన్యాసములకంటె విలువైనది.

మరి అధికారులు ఇష్టము వచ్చినప్పుడు బాటను మూయవచ్చునా? దేశములో చాలాభాగమునకు వర్తించు 1927 నాటి భారత అటవీ చట్టము 25వ సెక్షను దీనికి మంచి సూత్రమును చెప్పినది. రాష్ట్రప్రభుత్వపు ముందస్తు అనుమతితో రిజర్వు అడవిలోని దారిని నిలుపవచ్చును. కాని దానికి బదులు తగినంత అనుకూలమైన మరియొక దారి అంతకుముందే ఉండవలెను, లేదా ఏర్పరచి ఇయ్యవలెను. మూయుటకు ముందు ప్రత్యామ్నాయము చూపవలెనన్న ఈ న్యాయమును ఊరివారు తమ అర్జీలలో మర్యాదగా గుర్తుచేయవచ్చును.

ఇంగ్లండులో ఇంకను ముందుకు పోయినారు. అచట 1949 నాటి చట్టము ప్రజలు నడచు కాలిబాటలను, గుర్రపుబాటలను వేరువేరుగా పటములపై గుర్తింపవలెనని స్థానికసంస్థలను ఆజ్ఞాపించినది. పటమెక్కిన గుర్రపుబాట ఒక ప్రైవేటు ఆసామి పొలము నడుమ పోవుచున్నను గుర్రమెక్కినవానిని అడ్డగించుటకు వీలులేదు.

మన దేశమున 2006 నాటి అటవీహక్కుల చట్టము గ్రామసభకు క్రొత్త బలమిచ్చినది. దాని 3వ సెక్షను 2వ ఉపవిభాగము క్రింద ప్రభుత్వము నిర్వహించు బడి, వైద్యశాల, త్రాగునీరు, రోడ్డు మొదలగు 13 సౌకర్యముల కొరకు అడవిభూమిని ఇయ్యవచ్చును. ఒక్కొక్క సందర్భమున భూమి ఒక హెక్టారుకు తక్కువగా నుండవలెను, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టరాదు, గ్రామసభ సిఫారసు ఉండవలెను. ఇది క్రొత్త పనికి సంబంధించిన మాట. ఉన్న నడకబాటపై కంప తీసి రాళ్లు సర్దుట దీనికంటె చాల చిన్నపని. ఐనను రిజర్వు అడవిలో అనుమతి లేక చెట్టు కొట్టుట, నేల త్రవ్వుట, నిప్పుపెట్టుట నేరములే. మంచి ఉద్దేశము కేసును ఆపదు. వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే కొడవలి ఎత్తరాదు.

పెనుకొండ వంటి కోటకొండపై మరియొక జాగ్రత్త కలదు. పాతకట్టడముల దాపున ఒక్క రాయి కదలింపవలెనన్నను పురావస్తుశాఖవారిని అడుగవలెను. మెట్టుకు అడ్డముగా దొర్లిన రాయి మనకు రాయియే. వారికి అది పడిపోయిన గోడలోని భాగము కావచ్చును.

శ్రమదానమా, వెట్టియా?

ఇచట ఒక కష్టమైన సంగతి చెప్పక తప్పదు. 1922–24 నాటి మన్యపు పితూరీని గూర్చి తెలియనివారు లేరు. అల్లూరి సీతారామరాజు వెనుక గిరిజనులు నడచుటకు గల కారణములలో అడవిరోడ్డు ఒకటి. గూడెము డిప్యూటీ తహసీలుదారు బాస్టియన్ గిరిజనులచేత రోడ్డుపని బలవంతముగా చేయించి, తగిన కూలి ఈయక పీడించినాడు. రోడ్డు మంచిదే కావచ్చును. వేసిన తీరు తుపాకులను పిలిచినది.

స్వాతంత్ర్యము వచ్చిన పిదప, 1952 అక్టోబరు 2వ తేదీన సమాజవికాస పథకములు ప్రారంభమైనప్పుడు శ్రమదానమునకు పెద్దపీట వేసిరి. ఎన్నో గ్రామములలో ఎన్నో బాటలు ఆ విధముగా ఏర్పడినవి. ఐనను ఎస్. సి. దూబే అను సామాజికశాస్త్రజ్ఞుడు (హైదరాబాదు సమీపమున శామీర్‌పేటను గూర్చి గ్రంథము వ్రాసినవారు) 1958లో ప్రకటించిన మరియొక గ్రంథమున ఉత్తరప్రదేశములోని శ్రమదానమును పరిశీలించి చేదునిజమును చెప్పినారు. ఊరిపెద్దలు పర్యవేక్షించిరి, పేదలు మట్టి మోసిరి. బండ్లు కలవారికి రోడ్డు లాభించినది. బండి లేనివారికి ఆనాటి కూలి పోయినది. పేదలు దానిని పాతవెట్టికి క్రొత్తపేరుగా భావించిరి.

మన ఊళ్లలో బాటపనికి పూనుకొను యువకులు ఈ హెచ్చరికను మరువరాదు. దినకూలితో బ్రతుకు వానిని "ఊరికొరకు ఒకదినము రా" అని పిలుచుట తేలిక; అతని ఇంట ఆ రాత్రి పొయ్యి వెలుగుట వేరు సంగతి. పొలము కలవారు, ఉద్యోగులు, అంగళ్లవారు, కాలేజి విద్యార్థులు మొదట రావలెను. బరువైన రాతిపని కూలి ఇచ్చి చేయించుటకు పంచాయతీనిగాని, శాఖనుగాని అడుగవలెను. రానివాని పేరు చావడిలో చదువరాదు. చదివిన దినముననే అది దానము కాకపోవును.

ఇష్టముతో చేసిన పని ఎంతవరకు పోగలదో 2020లో సాలూరు మండలములోని చింతామల గిరిజనులు చూపినారు. తమ గూడెమునకు రోడ్డు లేనందున వారు తామే డబ్బు పోగుచేసికొని కొండను చదును చేసి బాట వేసికొన్నారు. దేశమంతయు మెచ్చుకొన్నది. మెచ్చుకొనుటతో పాటు, ప్రభుత్వము వేయవలసిన బాటకు పేదలు చెల్లించినారని సిగ్గుపడుటయు తగును.

మన సమీపముననే మరియొక ఉదాహరణము కలదు. 1990లో చెన్నేకొత్తపల్లి ప్రాంతమున టింబక్టు కలెక్టివ్ అను సంస్థ ఏర్పడినది. దాని తోడ్పాటుతో ముష్టికోవెల మొదలగు గ్రామములవారు కల్పవల్లి అని పిలుచు గుట్టల బంజరును కావలి కాచి, మంటలు ఆపి, పచ్చగా చేసినారు. అది ఏడువేల ఎకరములకు మించిన నేల. తరువాత గాలిమరల కొరకు ఆ గుట్టలపై వెడల్పైన రోడ్లు కోసినప్పుడు, గుట్టచరియలు తెగి వంకలు పూడుచున్నవని ఆ గ్రామములవారే మొఱపెట్టుకొన్నారు. నడకబాటకును లారీరోడ్డుకును భేదమేమో వారిని అడిగిన తెలియును. 1992 నుండి మన రాష్ట్రమున ఏర్పడిన వనసంరక్షణ సమితులును ఇట్టి పనికి తగిన వేదికలే. అనేకచోట్ల అవి పేరుకు మిగిలియున్నవి, కదలింపవలెను.

మోంటానా రౌతులు

అమెరికాలో ప్రభుత్వ అడవులలో గుర్రపుస్వారి చేయువారు ఎక్కువ. అచట 1964 నాటి చట్టము కొన్ని అడవులను నిసర్గారణ్యములుగా ప్రత్యేకించి, వాటిలో మోటారుబండ్లను, మోటారురంపములను నిషేధించినది. నడకయాత్రికులు పెరిగిన కొలది గుర్రపు గిట్టలు బాటలను పాడుచేయుచున్నవని ఫిర్యాదులు వచ్చినవి. గుర్రములను రానీయకుండ చేయుదురేమో అను భయము పుట్టినది. 1973లో మోంటానా రాష్ట్రములోని ఫ్లాట్‌హెడ్ లోయకు చెందిన కొందరు రౌతులు కలిసి బ్యాక్ కంట్రీ హార్స్‌మెన్ అను సంఘమును స్థాపించిరి.

వారు హక్కు హక్కని అర్జీలు మాత్రమే పెట్టినయెడల ఎవరు వినియుందురో తెలియదు. వారు రెండు పనులు కలిపి చేసిరి. ఒకవంక సభలలో మాట్లాడిరి. రెండవవంక తమ గుర్రములపైనను కంచరగాడిదలపైనను పనిముట్లు, వంతెనదూలములు, ఆహారము వేసికొని రోడ్డు చేరని తావులకు మోసిరి. పడిన మానులను ఇద్దరు పట్టి లాగు చేతిరంపములతో కోసి బాటలు తెరచిరి. అంతకంటె మెచ్చదగినది, తమ తప్పును తాము దిద్దుకొనిరి. గుర్రమును చెట్టుమానుకు కట్టిన అది బెరడు గీరి, వేళ్లపై మన్ను త్రవ్వును. కావున రెండు చెట్ల నడుమ పైకెత్తి కట్టిన త్రాటికి పగ్గము వేయు పద్ధతిని ప్రచారము చేసిరి. గడ్డిమోపులతో కలుపువిత్తనములు అడవికి చేరకుండ, కలుపులేని మేతనే తీసికొనిపోవలెనని నేర్పిరి. వయ్యారిభామ వలన మనము పడుచున్న బాధ తలచుకొన్నచో ఈ జాగ్రత్త ఎంతటిదో బోధపడును.

మనము గమనింపవలసిన మరియొకటి ఆ దేశపు 1972 నాటి చట్టము. అది స్వచ్ఛందసేవకుల శ్రమను అటవీశాఖ స్వీకరించుటకు దారితీసినది. పనిలో గాయపడిన సేవకునికి ప్రభుత్వోద్యోగితో సమానముగా పరిహారము ఇయ్యవలెనని చెప్పినది. మనచోట గుంపుగా పోయిన యువకునికి రాయి దొర్లి కాలు విరిగిన, ఖర్చు ఎవరిది? ఈ ప్రశ్నను పని మొదలుపెట్టుటకు ముందే అధికారుల ఎదుట పెట్టి, సమాధానమును కాగితముమీద తీసికొనవలెను.

పని చేయు విధము

ఇంక గడ్డపార పట్టవచ్చును. మొదటి దినము ఏ పనియు చేయక బాటను ఆసాంతము నడువుడు. ముసలికాపరిని ఒకరిని, ఫారెస్టుగార్డును వెంట తీసికొనుడు. నూరు అడుగుల త్రాడుతో కొలుచుచు, ఎచట కంప మూసినదో, ఎచట నీరు కోసినదో, ఎచట రాయి జారినదో పుస్తకములో వ్రాసికొనుడు. వీలున్న ఒక పెద్దవానలో గొడుగు పట్టుకొని అదే బాటను మరల చూడుడు. ఎండలో పది దినములు తిరిగినను తెలియని సంగతి వానలో అరగంటకు తెలియును.

బాటకు ప్రథమశత్రువు నీరు. గుర్రపు గిట్ట కాదు, మనిషి చెప్పు కాదు. నీరు బాటపైకి వచ్చిన వెంటనే దానిని ప్రక్కకు పంపివేయుటయే మరమ్మతులో ముప్పాతికవంతు. దీనికి మూడు ఉపాయములు కలవు. మొదటిది, బాట ఉపరితలమును గుట్ట దిగువవైపునకు కొంచెము ఒరగించుట. నాలుగు అడుగుల వెడల్పునకు రెండుమూడు అంగుళములు చాలును. అంతకు హెచ్చైన గుర్రము కాలు జారును. ఏండ్ల తరబడి నడక వలన దిగువ అంచున మన్ను పేరుకొని గట్టు కట్టియుండును. ఆ గట్టు నీటిని బాటలోనే బంధించును. పారతో ఆ గట్టును తీసివేసిన సగము వ్యాధి కుదురును.

రెండవది, వాలుగానున్న చోట్ల బాటకు అడ్డముగా రాళ్లవరుస పాతుట. వరుస బాటకు నిలువడ్డముగా నుండరాదు; ఏటవాలుగా, దిగువవైపునకు నీరు జారునట్లు ఉండవలెను. రాయిలో మూడింట రెండువంతులు నేలలో నుండవలెను. పైపైన పెట్టిన రాయిని మొదటి మంద దొర్లించివేయును. నీరు బయటకు పోవు నోరు వెడల్పుగా తెరచియుండవలెను. ఆ నోటి క్రింద నేల కోయకుండ చిన్నరాళ్లు పరువవలెను. మూడవది, క్రొత్తగా మలుపు వేయవలసివచ్చిన యెడల అన్నిటికంటె ముఖ్యమైనది, వాలును తగ్గించుట. బాటవాలు గుట్టవాలులో సగమునకు మించరాదు. దీర్ఘమైన దూరమునకు నూరు అడుగులకు పది అడుగుల ఎక్కుడు మించరాదు. తాపీమేస్త్రీలు వాడు నీటిగొట్టముతో ఈ కొలత ఎవరైనను తీయవచ్చును.

మలుపుల వద్ద అడ్డదారులు పుట్టుట సహజము. త్వరపడువారు మలుపు తిరుగక నిలువుగా దిగుదురు. ఆ జాడలో నీరు దిగును. రెండేండ్లలో అది గండి యగును. కోపపడిన లాభము లేదు. అడ్డదారి రెండు కొనలను కంపతోను రాళ్లతోను మూసి, మలుపు నడకను తేలికచేసిన జనము దానంతట అదే మరలును.

కంప తీయుటకు కొలత ఇది: గుర్రమెక్కినవాడు తల వంచకుండ పోవుటకు పది అడుగుల ఎత్తు, బరువుతో పోవు గుర్రపు ఇరుప్రక్కలకు కొమ్మ తగులకుండుటకు ఎనిమిది అడుగుల వెడల్పు. నడువవలసిన నేల మాత్రము రెండడుగులున్న చాలును. గుర్రము రాని బాటలో ఎనిమిది అడుగులను నాలుగైదునకు తగ్గించిన అడవికి మేలు. కొమ్మను మాను దగ్గర నున్నగా కోయవలెను. ఏటవాలుగా నరికి మొన మిగిల్చిన అది గుర్రపు డొక్కలోను, మనిషి కంటిలోను దిగబడును. సర్కారు తుమ్మను నేలమట్టమునకు కొట్టిన ఒక్కవానకు పది కొమ్మలుగా లేచును. మొదలు చుట్టు జానెడు లోతు త్రవ్వి వేరుదుంపతో సహా పెకలింపవలెను. లంటానాకును వేరుమొదలు నేలలోపలనే కోసి, మొక్కను తలక్రిందులుగా నిలిపి ఎండనీయవలెను. పండ్లు పండకముందే ఈ పని ముగింపవలెను. పండినచో పక్షులు విత్తనమును గుట్టంతయు చల్లును. చండ్ర, వెలగ, రేగు మొదలగు దేశీయవృక్షములను ముట్టరాదు. దారికి అడ్డమైన కొమ్మ తప్ప మాను కొట్టవలసివచ్చినదా, బాటనే రెండడుగులు ప్రక్కకు జరుపుట మేలు.

కొట్టిన కంపను ఎవరికి ఈయవలెను? అల్పమైన ప్రశ్నగా తోచును గాని, పెక్కుచోట్ల పని ఇచటనే చెడును. ఎవరో ఒకరు మోపు కట్టుకొని పోయినంతనే "బాటపేర కట్టెల వ్యాపారము" అను మాట పుట్టును. అనుమతి పత్రములోనే ఈ సంగతి వ్రాయించుకొనుట ఉత్తమము.

పనికి తగిన కాలము వానలు వెనుకబట్టిన పిదప మార్గశిర పుష్యములు. నేల మెత్తగా నుండి గడ్డపారకు లొంగును, పాములభయము కొంత తగ్గును. ఫిబ్రవరి దాటిన బోదగడ్డి ఎండి అగ్గిపుల్లకు కాచుకొనియుండును. అప్పటికి బాట శుభ్రమై యుండవలెను. క్రొత్తగడ్డి మొలచునని నిప్పుపెట్టువారు నేటికిని కలరు. శుభ్రమైన బాట నేలమంటకు అడ్డుగీతవలె పనిచేయును, మంట ఆర్పువారికి త్రోవయు నిచ్చును. మంటలకాలమున ఆ బాటలలో బీడీ ముట్టించువానిని సొంత అన్నయైనను వారింపవలెను. ఈ గుట్టలలో ఎలుగుబంట్లును చిరుతలును కలవు గనుక తెల్లవారుజామునను, మునిమాపునను పనిచేయరాదు. ఒంటరిగా ముందు నడువరాదు. మాటలాడుచు నడచుట మంచిది.

ఒక సంవత్సరపు పనికి అరమైలు చాలును. పెద్దగా మొదలుపెట్టి మధ్యలో విడచిన బాటలు మన గుట్టలలో ఇప్పటికే చాలినన్ని కలవు. పుస్తకములో తేదీ, వచ్చినవారి సంఖ్య, బాగైన దూరము వ్రాసి, నకలును పంచాయతీకిని, రేంజి కార్యాలయమునకును ఈయుడు. మరుసటి ఏడు అనుమతికి పోయినప్పుడు ఆ పుటలే మీ తరఫున మాటలాడును. క్రొత్తగా వచ్చిన అధికారికి బాట కలదని తెలుపునవియు అవియే. మొదటి పెద్దవాన కురిసిన మరునాడు మాత్రము ఇద్దరు పార తీసికొని పోయి, ప్రతి రాళ్లవరుస నోటిలో పేరుకొన్న ఒండ్రును, ఆకులను తీసివేసి రావలెను.